తల్లి ఉద్యోగం

అత్తగారిని పక్కకు ఒత్తిగిలించి వీపు తుడుస్తోంది ఆమె. మూడున్నరేళ్ళ కూతురు నేలమీద వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకుని, "అమ్మో, నడుమో" అని మూలుగుతోంది. ఒంట్లో ఏ నలతా లేదు. అది ఆ పిల్ల ఆడుకునే ఆట. నోట్లో చెంచాతో నీళ్ళు పోస్తే నవ్వుతుంది, లేచి ఆడుకోమంటే ఏడుస్తుంది. పుట్టి బుద్ధెరిగాక చూసిన లోకమంతా ఆ మంచమే మరి. మంచాన పడ్డ మనిషిని వదిలి పిల్లను వీధి మలుపు దాకా తిప్పుకొచ్చే తీరిక కూడా తల్లికి లేదు. ఆ ఆట చూస్తుంటే ఆమెకు భయం వేసింది.

అందుకే సర్కారు శిశుబడి దరఖాస్తు తెప్పించుకుంది. అన్నీ నింపాక ఒక గడి మిగిలింది: తల్లి ఉద్యోగం. దాని పక్కనే యజమాని సంతకం. భర్తను రాయమంది.

"ఇంట్లో కూర్చుని తినేదానికి ఉద్యోగమని ఏం రాయను?"

తినడానికైనా తను కూర్చున్నది ఎప్పుడో ఆమెకు గుర్తు రాలేదు.

"మీ అమ్మగారిని చూసుకుంటున్నానని రాయండి."

"అదొక పనా? మీ అత్తకి నువ్వు చెయ్యక ఊళ్ళోవాళ్ళు చేస్తారా?" అని నవ్వేశాడు. చెడ్డవాడేం కాదు. తల్లి చెయ్యి పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకుంటాడు కూడా. పక్కబట్ట మార్చే వేళకు మాత్రం ఎక్కడలేని ఫోన్లూ అప్పుడే వస్తాయి.

అతనికి సెలవున్న రోజు చూసుకుని బడికి పరిగెత్తింది. టీచరమ్మ కాగితం తిరగేసింది.

"ఈ ఏడు నిధులు సగానికి కోసేశారమ్మా. ఒక గది మూసేశాం. ఉన్న ఇరవై సీట్లూ పనికెళ్ళే తల్లుల పిల్లలకే. శుక్రవారం ఆఖరు."

"పొద్దున అయిదింటి నుంచీ పనేనండీ."

"నాకు తెలీదా తల్లీ? నేనూ ఒకింటి కోడలినే. ఇదే పని ఇంకొకరి అత్తగారికి చేస్తుంటే రాసుకునేదాన్ని." అని నిట్టూర్చి ఆ గడిలో అడ్డగీత గీసింది.

ఏడేళ్ళ చాకిరీ మీద గీసినట్టుంది ఆ గీత. ఒళ్ళు మండిపోయింది ఆమెకు. ఇంకో దరఖాస్తు అడిగి తీసుకుని, ఇంటికి పోకుండా వెనక వీధిలోకి తిరిగింది. అక్కడ లెక్కల మాస్టారు తన తల్లిని చూసుకోవడానికి మనిషి కోసం వెతుకుతున్నారని చాలాసార్లు విని ఉంది.

"అనుభవం ఉందా అమ్మా?" అన్నారాయన.

"ఏడేళ్ళుందండీ."

"ఎక్కడ చేశావు?"

"ఒక ఇంట్లో," అంది.

ఆయన యజమాని గడిలో సంతకం పెట్టారు. పక్క గడి ఆమే నింపుకుంది.

ఆ సాయంత్రం సంగతి చెప్పింది. అత్తగారు కొడుకు వైపు చూడలేదు, కోడలి వైపే చూసింది. ఆ చూపుకు ఆమె గుండె కలుక్కుమంది. ముసలావిడ చేసిన పాపమేముంది? "పోనీలే, మానేస్తాను" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అంతలో భర్త లేచాడు.

"పరాయి ముసలిదానికి ఊడిగం చేస్తావా? సిగ్గులేదూ? మరి మా అమ్మనెవరు చూస్తారు?"

"మనిషిని పెట్టండి," అందామె. "చిన్నపిల్ల ఉన్నావిడని చూసి పెట్టండి. శుక్రవారం లోపల పెడితే ఆవిడ పిల్లకీ సీటొస్తుంది."