కొంగుకాయ

పున్నమ్మ కొంగు ముడి విప్పింది పున్నమ్మ కాదు, గేటు దగ్గర కాపలావాడు.

"దులుపు" అన్నాడు.

దులిపింది. పిడికెడు తాలుకాయలు, విరిగినవీ తెల్లబారినవీ, చెంచురామయ్య మిరపకొట్టు ముందు దుమ్ములో పడ్డాయి. వెనక నిలబడ్డ ఆడవాళ్ళందరి కొంగుల్లోనూ అవే ముడులు. అందరూ చూశారు. ఒక్కరూ నోరు మెదపలేదు. ఆ సాయంత్రం వాళ్ళు నోరు మెదిపి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేదే కాదు.

గుంటూరు కొట్లలో కాయల గుట్ట ముందు కూర్చుని, దగ్గుతూ తుమ్ముతూ తాలు ఏరే ఆడకూలీలు ఇంటికి పోయేటప్పుడు పిడికెడు కాయలు కొంగున ముడేసుకుపోవడం తాతలనాటి మర్యాద. కొంగుకాయ అంటారు దాన్ని. రాత్రికి కారం నూరుకోవడానికి. షావుకారు ఇచ్చాననడు, కూలీ అడిగి పుచ్చుకోదు. మరి ఆ రోజే అది దొంగతనం ఎందుకయింది? అంతకు వారం ముందు పున్నమ్మ, "గొంతులు మండిపోతున్నాయయ్యా, తాగడానికి ఓ నీళ్ళతొట్టన్నా పెట్టించండి" అని అందరి తరఫునా అడిగింది. అదీ అసలు నేరం!

చెంచురామయ్య పెట్టిన దొంగతనం కేసులో పున్నమ్మ తరఫున నిలబడే పని ప్లీడరు మీరావలికి వచ్చింది. హైకోర్టు గుంటూరు వదిలి హైదరాబాదు పోయిన మరుసటేడు అది. పెద్ద ప్లీడర్లు దాని వెంటే మూటాముల్లె సర్దుకున్నారు. మీరావలి కదల్లేదు. ముసలి తల్లి ఈ ఊరు వదిలి రానంది. పైగా తమ దూదేకుల పిల్లలు పల్లెల నుంచి వచ్చి చదువుకోవడానికి వసతి గృహం కట్టించాలని ఆయన పంతం. గోడలు లేచాయి. పైకప్పుకు రేకులు ఇస్తానన్నది ఎవరనుకున్నారు? చెంచురామయ్యే.

మీరావలి మంచివాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

"ఒప్పుకోమ్మా" అన్నాడు పున్నమ్మతో, కోర్టు వరండాలో. "కోర్టు లేచేదాకా ఓ మూల కూర్చోబెడతారు, అంతే శిక్ష. సాయంత్రానికి ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించుకుంటావు. కాదని వాదిస్తే వాయిదాల చుట్టూ తిరగలేక చస్తావు."

"నేను దొంగతనం చెయ్యలేదు బాబూ."

"నాకు తెలుసమ్మా. మాటవరసకి ఒప్పుకో."

మాటవరసకి! చిన్న కేసుల్లో బీదవాళ్ళ చేత ప్లీడర్లందరూ చేయించే పని అదే. అందులో దయ ఉంది, తొందరా ఉంది. పున్నమ్మ ఒప్పుకుంది. సాయంత్రం దాకా గోడవారన తల దించుకుని కూర్చుని, ఇంటికి పోయింది.

మీరావలి సంతోషంగా అన్నం దగ్గర ఆ సంగతి చెప్పాడు. భార్య నసీమున్నీసా వడ్డిస్తోంది. ఎదురుగా తల్లి జైతున్‌బీ.

"ఏ కొట్టురా?" అంది ముసలమ్మ.

"చెంచురామయ్య కొట్టమ్మా."

"వాళ్ళ నాయన ఉండగా అక్కడే ఏరాను నేను. మీ నాన్న దూదేకీ దూదేకీ రొమ్ము చెడి చచ్చాక, నిన్ను కొట్లోనే పెంచాను. నేనూ తెచ్చాను కొంగుకాయ. ఆ కారం మెతుకులు తినే నువ్వు లా చదివావు. అయితే నేనూ దొంగనేనా, వలీ?"

"అది వేరమ్మా."

"ఏం వేరురా?"

జైతున్‌బీ సగం అన్నం ఉండగానే కంచంలో చెయ్యి కడిగేసింది. ఆ పూట నుంచి కొడుకుతో మాట మానేసింది.

మర్నాడు చెంచురామయ్య గేటు దగ్గర నిలబడి, "కొంగుకాయ దొంగతనమేనని కోర్టువారే తేల్చారు. ఇక ముడి కనిపిస్తే పోలీసే" అని అరిచాడు. మిగతా కొట్లవాళ్ళూ అదే పాట ఎత్తుకున్నారు. ఆడవాళ్ళ రవికలు కూడా తడిమి పంపడం మొదలెట్టారు. శిక్షపడ్డ దొంగకు పని లేదంటూ పున్నమ్మను ఏ కొట్టూ రానివ్వలేదు. ఒక్కదాని నోటితో ఒప్పించిన మాట ఊరి ఆడకూలీలందరి మెడకూ చుట్టుకుంది. మీరావలి పుస్తకాలన్నీ తిరగేశాడు. నేరం ఒప్పుకున్నవాళ్ళకు అప్పీలు లేదు. ఆ సంగతి ఆయనకు తెలియనిదీ కాదు.

జైతున్‌బీ ఇల్లు వదిలి పున్నమ్మ ఇంటికి చేరింది. ప్లీడరుగారి తల్లి వెళ్ళి కొట్లో కాయల గుట్ట ముందు కూర్చుంది! చెంచురామయ్యకు ఏం చెయ్యాలో పాలుపోలేదు. దూదేకుల సంఘం పెద్ద గౌస్ బాషా పరుగెత్తుకొచ్చాడు.

"వలీ, మన పరువేం కాను? రేకులు బండికెత్తి ఉన్నాయి. మీ అమ్మని ఇంటికి తెచ్చుకో. నువ్వు ఊరుకుంటే ఈ వారమే దిగుతాయి. మన పిల్లలు చెట్ల కింద చదువుతున్నారురా!"

అడకత్తెరలో పోకచెక్కయ్యాడు మీరావలి. గౌస్ బాషా అన్నదీ అబద్ధం కాదు. తల్లి అడిగిందీ అబద్ధం కాదు. చెప్పుకుందామంటే బార్ రూములో నవ్వుతారు. ఇంట్లో నసీమున్నీసా, "అత్తమ్మ పున్నమ్మ ఇంట్లో గంజి తాగుతోందట. నన్నేం చెయ్యమంటారు?" అని ఏడుస్తోంది. నిండు ఇంట్లో, నిండు ఊళ్ళో ఒంటరివాడయ్యాడు.

ఆదివారం పున్నమ్మ ఇంటి ముందు ఆడవాళ్ళు పోగయ్యారు. మీరావలి వెళ్ళాడు. ఎవరూ చాప వెయ్యలేదు.

"మీరు ఒప్పుకోమంటే అది ఒప్పుకుంది. ఇప్పుడు మేం ఏం ఒప్పుకోవాలో చెప్పడానికొచ్చారా?" అంది మల్లేశ్వరి. నోరున్న మనిషి.

"తప్పయింది" అన్నాడు. ఆ మాటకు ఎవరూ కరగలేదు. తప్పయిందంటే కడుపు నిండుతుందా?

"పని మానేద్దాం" అంది ఒకామె.

"మానేస్తే పల్లెల నుంచి వేరేవాళ్ళని దింపుతాడే" అంది ఇంకొకామె.

జైతున్‌బీ లేచింది. "కొంగున ఎందుకు ముడెయ్యాలే? ముడేస్తేనేగా దాచామనేది. అరచేతిలో పట్టుకుపోదాం, ఊరంతా చూసేట్టు."

"అమ్మా, పోలీసులు పట్టుకుంటారు" అన్నాడు మీరావలి.

ఆమె కొడుకు వైపు చూడనైనా లేదు. "పట్టుకోనీండే" అంది ఆడవాళ్ళతో.

మర్నాడు సాయంత్రం చెంచురామయ్య కొట్టు గేటులోంచి ఆడవాళ్ళు చేతులెత్తి బయటికొచ్చారు. ఎత్తిన ప్రతి చేతిలో పిడికెడు కాయలు. ముందు జైతున్‌బీ. కాపలావాడు దులపమనడానికి కొంగుల్లో ఏమీ లేదు. హమాలీలు బస్తాలు దించేసి చూస్తున్నారు. "మా కొంగుకాయ! మా కష్టం కాయ!" అని మల్లేశ్వరి గొంతెత్తితే బజారు దద్దరిల్లింది. పోలీసులు దొరికినవాళ్ళను దొరికినట్టు బండిలోకి తోశారు.

మర్నాడు కోర్టులో మేజిస్ట్రేటు మీరావలిని దగ్గరికి పిలిచి, మెల్లగా అన్నాడు. "మీ తల్లిగారటగా. ఈ వయసులో జైలెందుకండీ? ఒప్పుకోమనండి. అందర్నీ మందలించి వదిలేస్తాను."

దయే. మొన్న పున్నమ్మకు తాను చూపించిన దయే అది. మీరావలి వెనక్కి తిరిగాడు. గుమ్మం దగ్గర గౌస్ బాషా చేతులు జోడిస్తున్నాడు. బోనులో తల్లి మోకాళ్ళ నొప్పికి కర్ర పట్టుకుని నిలబడి ఉంది. ఒక్క మాటంటే చాలు, అమ్మ ఇంటికొస్తుంది. పిల్లలకు కప్పు వస్తుంది.

"ఒప్పుకోరండీ" అన్నాడు. "అది దొంగతనం కాదు, హక్కు. సాక్షుల్ని పిలిపించండి. ఎన్ని వాయిదాలైనా వాదిస్తాను."

గౌస్ బాషా తల కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ రేకులు ఇక దిగవు. ఆడవాళ్ళు జామీను వద్దన్నారు. బండి ఎక్కుతూ జైతున్‌బీ చాలా రోజుల తరవాత కొడుకును పలకరించింది.

"నా వెంట రామాకు నాయనా. కొట్టు దగ్గర ఎవరన్నా మిగిలారేమో చూడు, పో."

మీరావలి ఒక్కడే నడిచి వెళ్ళాడు. దారిలో సంఘంవాళ్ళు ఎదురై ముఖాలు తిప్పుకున్నారు. నమస్కారం పెట్టే మనిషి లేడు. ఎవరూ మిగిలి ఉండరనే అనుకున్నాడు. గేటు దగ్గరికొచ్చేసరికి రోడ్డు పట్టనంత జనం! ఊళ్ళోని ప్రతి కొట్టు నుంచీ ఆడవాళ్ళు దిగారు. చేతుల్లో కాయలు. అందరికంటే ముందు, ఏ కొట్లోనూ పని లేని పున్నమ్మ. ఆమె చేతిలోవి మల్లేశ్వరి చెల్లెలు పంచి ఇచ్చినవి.

పోలీసు బండి పక్కన ఇనస్పెక్టరు చెమట తుడుచుకుంటున్నాడు. "బండి నిండిపోయింది. మిగతావాళ్ళు ఇళ్ళకు పొండి" అన్నాడు.

పున్నమ్మ తల ఎత్తింది.

"చాలకపోతే ఇంకో బండి తెప్పించయ్యా. మేం కూర్చుంటాం" అంది. అని నడిరోడ్డున చతికిలబడింది. ఆమె వెనకే బజారంతా కూర్చుంది.