కంచె అవతలి ఆవు

పశువుల్ని ముంచే పిడుదుల మందు తొట్టి దగ్గర ఫెళ్లున ఉరిమేసరికి రెండిళ్ల పశువులు చెల్లాచెదురై కలిసిపోయాయి. వాన వెలిశాక చూస్తే, ఇంటికొకటిగా ఉన్న రెండు ఎర్రావుల్లో ఒకటి కొండల్లోకి పారిపోయింది. ఒకటి మిగిలింది. అది తమదంటాడు మ్ఫనిసేని, కాదు తనదంటాడు పొరుగింటి మ్ఖిజే.

మ్ఫనిసేని తమ్ముడి భార్యకి గుండెల్లో రాయి పడింది. పుట్టింటి వంశం పేరుతో ఆమెను అందరూ మాంగుబానే అంటారు. భర్త గనుల్లో పనికి పోయాడు. ఆమెకు పాలు పడక, చంటిది ఆ ఆవు పాల మీదే బతుకుతోంది.

ఊరిపెద్ద అడిగాడు: "ఒంటి మీద మచ్చ ఏ రకమో చెప్పండయ్యా."

ఈ జూలూ కొండల్లో ప్రతి మచ్చకీ ఒక పేరుంది. ఒట్టి ఎరుపుకి మాత్రం ఎవరు పేరు వెతుకుతారు?

"ఎర్రావు. అంతే," అన్నాడు మ్ఫనిసేని.

"మాదీ అంతే!" నవ్వాడు మ్ఖిజే.

"అయితే ఎవరి మందలో నిలబడితే వాళ్లదే," అని తేల్చాడు ఊరిపెద్ద. ఆవు మ్ఖిజే మందలోనే నిలబడి ఉంది.

కోడలు పశువుల దొడ్డిలో అడుగు పెట్టకూడదు, పెద్దల ముందు గొంతెత్తకూడదు. కానీ మాంగుబానే రోజూ పొద్దున్నే జొన్నలు నూరుతూ కంచె సందులోంచి ఆ ఆవును చూసేది. అప్పుడు కనిపించింది ఏటవాలు ఎండ చేసిన మాయేమో? తప్పయితే పరువూ పోతుంది, పాలూ పోతాయి. అయినా నోరు విప్పింది.

"బావగారూ, ఎడమ ముందుకాలి వెనక చుక్కలుంటాయి. అచ్చం భరతపిట్ట గుడ్డు మీద ఉన్నట్టే. నడిస్తేనే కనిపిస్తాయి."

"దొడ్డి తొక్కని కోడలికి ఆవు చంక ఎలా తెలిసిందో!" అన్నాడు మ్ఖిజే. మగవాళ్లంతా గొల్లుమన్నారు.

ఆవును అదిలించారు. కదల్లేదు. మళ్లీ అదిలించారు. ఆవు విసుగ్గా తోక ఆడించి, ఒక అడుగు వేసింది.

కాలి వెనక లేత పసుపు చర్మం మీద గోధుమరంగు చుక్కలు, ఎవరో తీరిగ్గా కూర్చుని చల్లినట్టున్నాయి. నవ్వులు ఆగిపోయాయి. మ్ఖిజే కర్ర తీసుకుని, తన ఆవును వెతుక్కుంటూ కొండల వైపు నడిచాడు.

మర్నాడు పొద్దున మ్ఫనిసేని దొడ్డి తడిక తీశాడు. "లోపలికి రామ్మా. దగ్గర నుంచి చూడు. పెద్దలకి నేను చెప్పుకుంటాలే."

"వద్దు బావగారూ, ఇక్కణ్ణుంచే బాగా కనిపిస్తుంది. మీరే కాస్త అడ్డం తప్పుకోండి."

ఆయన బయటికొచ్చాడు. ఆమెకు కాస్త దూరంలో నేల మీద చతికిలబడి, పుట్టిన దగ్గర్నుంచీ తన చేతుల్లోనే పెరిగిన ఆవును, మొదటిసారి కంచె సందులోంచి చూశాడు.