మీరావలి కుడిచేతి కొలత

నేను ఒక కటింగ్ ప్లయర్ని. ఈ మాట చెప్పుకోవాలంటే ఇప్పుడు సిగ్గుగానే ఉంటుంది. నన్ను చూసినవాళ్ళెవరూ నమ్మరు.

పుట్టడం బాగానే పుట్టాను. ఇనుమును ఎర్రగా కాల్చి, సాగగొట్టి, నోటికి పదును పెట్టి, కాళ్ళకు ఎర్ర తొడుగులు వేసి పంపారు. మొదటి యజమాని పెళ్ళిపందిళ్ళకు లైట్లు కట్టే ఆదెయ్య. నాతో తీగలు కోసింది తక్కువ. మేకులు దిగ్గొట్టడం, సోడామూతలు ఊడబెరకడం, కాలే టీగిన్నె దించడం ఎక్కువ. సుత్తి ఎక్కడుందో వెతుక్కోవడం కన్నా నన్నే సుత్తి చేసుకోవడం ఆయనకు తేలిక. నా కీలు వదులయ్యాక, పనికిమాలినదని నన్నే తిట్టి పాతసామాన్లవాడికి వేశాడు.

నరసరావుపేట సంతలో తుప్పుగుట్టలోంచి నన్ను ఏరుకున్నవాడు మీరావలి. మోటారు వైండింగులో చెయ్యి తిరిగినవాడు. నూర్పిడి మిషను బెల్టులో పడి ఆ కుడిచేతికి బొటనవేలు తప్ప మిగతా వేళ్ళన్నీ పోయాయి. ఎడమచెయ్యి తీగ పట్టుకోవడానికే సరి. ఇంట్లో మంచి ప్లయర్లున్నాయి గానీ ఆ కుడిచేతిలో నిలవవు.

"వాటినెందుకు పాడుచెయ్యడం? దీన్నయితే కోసినా కాల్చినా అడిగేవాడు లేడు" అన్నాడు భార్య కాశింబీతో. నా ముందే అన్నాడు.

ఇక నా పాట్లు మొదలు. నోరు దానంతటదే తెరుచుకోవాలని కాళ్ళ మధ్య స్కూటరు స్ప్రింగు పెట్టాడు. అది బొటనవేలికి లొంగలేదు. సన్నది పెడితే ఎగిరి బియ్యం డబ్బాలో పడింది. ముక్కు అరగదీశాడు. పక్కన గాడి కోశాడు. ఒక కాలికి ఇనపముక్క అతికి పొడుగు చేశాడు. నాకు ఉన్న పని పోయేది, కొత్త పని వచ్చేది కాదు. ఈలోగా పొలం మోటార్లన్నీ ఎదురువీధి సుభాని షాపుకు తరలిపోయాయి.

"చెయ్యి బాగుకానియ్ అన్నా, నీకే ఇస్తాం" అనేవాళ్ళు రైతులు. వేళ్ళు మళ్ళీ మొలుస్తాయన్నట్టు!

ఒక మధ్యాహ్నం పట్టు జారి, చుట్టిన రాగితీగంతా విడిపోయింది. మీరావలి నన్ను ఎత్తి గోడకేసి కొట్టాడు. సున్నం పెచ్చు రాలింది. కాశింబీ పొయ్యి దగ్గర్నించి లేచొచ్చి నన్ను తీసింది.

"గోడేం చేసిందయ్యా నిన్ను?"

"నావల్ల కాదే. ఇది నా చేతిలో ఉండదు."

"ఉండకపోతే కట్టేద్దాం పట్టు."

పాత చీర అంచు చించి నా పొట్టికాలిని ఆయన అరచేతికి బిగించింది. పొడుగుకాలు బొటనవేలి కింద ఆనింది. మీరావలి నొక్కాడు, నోరు మూశాను. వదిలాడు, తెరవలేదు. "థూ" అన్నాడు. అయితే ఈసారి విసరలేదు.

మర్నాడు గుడ్డ స్థానంలో లోపల తోలు వేసిన ఇనపపట్టీ వచ్చింది. టార్చిలైటు స్ప్రింగు ఎట్టకేలకు కుదిరింది. సన్నతీగ పట్టడానికి బొటనవేలు చాలు. లావుతీగ కొయ్యాలంటే పొడుగుకాలిని తొడకు అదిమి నొక్కాలి. ఆయన తొడ కమిలిపోయేది. నేనూ చాలాసార్లు జారాను. ఇద్దరం ఒకరినొకరం తిట్టుకుంటూనే పని నేర్చుకున్నాం. సుభాని దగ్గర ఆలస్యమైందని విసుక్కుని ఒక రైతు తెచ్చిన మోటారే మా మొదటిది. పూర్వం ఒక్కపూటలో తేల్చే పనికి రోజులు పట్టింది. మోటారు తిరిగింది. రైతు మెచ్చుకోలేదు. మెచ్చుకోకుండానే ఇంకొకటి తెచ్చాడు.

ఆ సంగతి విని సుభాని వచ్చాడు. నన్ను తీసి పట్టీలోకి చెయ్యి దూర్చాడు. అతని వేళ్ళు ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. తీగ జారి కిందపడింది.

"ఇదేం పనిముట్టన్నా? నా చేతికి రావట్లేదు!"

"రాదురా. నీకు వేళ్ళు ఎక్కువైనాయి" అన్నాడు మీరావలి.

అని, ముందు తనే నవ్వాడు. బెల్టులో చెయ్యి పడ్డ తర్వాత ఆ ఇంట్లో ఆ నవ్వు వినపడలేదట. కాశింబీ పచ్చడిబండ చేతిలో పట్టుకునే గుమ్మంలోకి వచ్చి నిలబడింది, ఎవరు నవ్వారా అని.