అమాస బండి

రక్తపు మరకను చన్నీళ్ళతోనే ఉతకాలి. వేడినీళ్ళు పోస్తే బట్టను పట్టుకుని ఇక వదలదు. పెళ్ళయ్యాక సుశీల నేర్చుకున్న మొదటి విద్య అదే. తొర్రూరులో తమ మేడ మీద కూర్చుని ఆమె ఇప్పుడు ఉతుకుతున్నది ఇళ్ళ సామాను మోసే కంపెనీ బొంతను. మరక మాత్రం ఆమెదే. నిన్న రాత్రి మొగుడు లక్ష్మీకాంత్ బీరువాలు బిగించే పట్టీతో కొట్టాడు. పట్టీ చివర ఇనుప కొక్కెం ఉంటుంది. అది చెవి పక్కన చీరుకుపోయింది.

నిన్న కంపెనీ ఇరవయ్యేళ్ళ పండుగ. ఇంటి ముందు ఫ్లెక్సీలో లక్ష్మీకాంత్ చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. కింద ‘ఒంటి చేత్తో నిలబెట్టిన సంస్థ’ అని అక్షరాలు. మైకు దొరికింది కదా అని చరిత్ర కూడా చెప్పాడు. ఒక్క ట్రాలీ ఆటోతో మొదలుపెట్టాడట. కొత్త జిల్లాలు పడి ఉద్యోగులంతా జనగామకూ మహబూబాబాద్‌కూ భూపాలపల్లికీ ఇళ్ళు మారుతుంటే తిండీ నిద్రా మాని మోశాడట. బదిలీల వాళ్ళ సామాన్లు దాచడానికి గోదాం కట్టాడట. వడ్డన గరిటె పట్టుకుని నిలబడ్డ సుశీల ఉండబట్టలేక, “మరి బొంతలు? అవి నా పెండ్లి చీరెలే గదా!” అంది. అందరూ నవ్వారు. లక్ష్మీకాంత్ కూడా నవ్వాడు. అతను నలుగురిలో నవ్వితే తలుపు మూసాక ఏమవుతుందో ఆమె ఒంటికి తెలుసు.

కంపెనీ చరిత్ర ఆమె ఒంటినడిగితే సరిగ్గా చెబుతుంది. ఊరివాళ్ళ ఫ్రిజ్జులకు గీత పడకూడదని మొదటి యేడు పట్టుచీరలు చింపి బొంతలు కుట్టింది. రెండో బండి కొన్న యేడు ఎవరిదో టీవీ పగిలిందని ఆమె ముంజేయి విరిచాడు. గోదాం కట్టిన యేడు ఎడమ చెవి వినికిడి పోయింది. దవాఖానలో బీరువా తగిలిందని చెప్పింది. “మగోనికి ధందల పరేషానుంటది బిడ్డా, నువ్వే జర నోరు మూసుకోవాలె” అనేది అత్త. మూసిన నోటి మీద కూడా దెబ్బ పడుతుందని ఆ మహాతల్లికి తెలియదా? తెలుసు, ఆమెకూ పళ్ళు లేవు. ఇక జీతం మాటెత్తితే, “ఓనరమ్మవు, నీకు జీతమేందే!” అని అతని సరసం.

వంటిళ్ళు సర్దడం ఎప్పుడూ సుశీల పనే. వంటిల్లు సర్దే మనిషి దగ్గర ఏ ఇల్లూ ఏదీ దాచలేదు. గాజు సామాను ఒక్కటీ లేక, ఉన్న స్టీలు బిందెలన్నీ సొట్టలు పడి ఉంటే, ఆ ఇంట్లో విసిరే చెయ్యి ఉన్నట్టే. ఆమె ఇంట్లోనూ గాజు లేదు. పోయిన నెల భూపాలపల్లిలోనే ఒక వీధి నుంచి ఇంకో వీధికి మారిన మేఘన అనే అమ్మాయి వంటిల్లు అచ్చం అట్లాగే ఉంది.

“గాజు గ్లాసులు లేవా చెల్లె?”

“పగులుతయని కొనలేదక్కా.”

గిన్నెలు చుడుతూ చుడుతూ ఆ పిల్ల గొంతు తగ్గించింది. “ఆయన లేనప్పుడు ఒక్క నా సామాన్లే తీస్కపోతరా అక్కా? మా అమ్మ జనగామల ఉంటది.”

“మా ఆయన్ని అడగాలె” అంది సుశీల. ఛీ, ఎవరిని అడగాలంది! ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే కొక్కెం చీరిన చోటుకన్నా ఎక్కువ మండింది.

“బొంతలు ఆరబెట్టినవా? రేపు జనగామ లోడుంది” అని కింద నుంచి లక్ష్మీకాంత్ అరిచాడు. “ఇయ్యాల అమాస, ఎవడూ ఇల్లు మారడు. నేను తరిగొప్పుల పోయి పొద్దుమీకి వస్త.”

మోటార్ సైకిల్ చప్పుడు మలుపు తిరిగేదాకా ఆగి సుశీల మజీద్‌కు ఫోన్ చేసింది. మజీద్ సొంత బండిని కంపెనీకి కిరాయికి నడుపుతాడు.

“అమాసనాడు ఎవలు మారుతుండ్రక్కా?”

“నేనే. ముందు భూపాలపల్లి పోవాలె. తర్వాత మానుకోటల నాకో కిరాయి ఇల్లు చూసుకోవాలె.”

“అన్నకు ఎరుకేనా?”

“ఎరుకైతే పోనిస్తడా?”

“రాత్రి గేటు కాడ నీ కేకలు విన్నక్కా. లోపలికి రాలేకపోయిన. ఇగ వస్తున్న.”

సుశీల బొంతలన్నీ మూట కట్టింది. తడివి కూడా వదల్లేదు. రేపటి బీరువాలకు అతను తన చొక్కాలు చుట్టుకోనీ! మూట మీద కూర్చుని మేఘన నంబరు నొక్కింది.

“చెల్లె, తొర్రూరు సుశీలక్కను. మీ ఆయన డ్యూటీకి పోయిండా?”

“పోయిండక్కా.”

“ఆనాడు అడగాలె అన్న గదా. అడిగిన.”

“ఎవలినక్కా?”

“నన్నే. సామాన్లు కట్టు. ఇయ్యాల అమాస, బండి ఖాళీగున్నది.”