బేసిక్ నుంచి సీకి మారిన జాతకాలు

భిలాయి ప్లాంటులో ఇంజినీరు రామమోహనరావుకు, తీరిక దొరికినప్పుడల్లా బేసిక్ భాషలో రాసుకున్న జాతకాల ప్రోగ్రాం అంటే ప్రాణం. అమ్మాయివీ అబ్బాయివీ నక్షత్రాల నంబర్లు కొడితే ముప్ఫై ఆరు గుణాల్లో ఎన్ని కలిశాయో చెప్పేస్తుంది. తీరా ఆంధ్రా సంఘంవాళ్లు పెళ్లి సంబంధాల మేళా పెట్టుకునే వేళకు ఆయన పాత కంప్యూటర్ మొరాయించింది. స్మృతి నగర్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పే మేనకోడలు మణిమాల, అద్దెకు దొరికే కంప్యూటర్‌లో ఆ బేసిక్ నడవదని, ప్రోగ్రాంను సి భాషలోకి మార్చే పని నెత్తినేసుకుంది.

మేళాకు ముందు ఆదివారం, అద్దె కంప్యూటర్‌ను సెక్టర్ 6లోని మామయ్య క్వార్టర్‌లో పెట్టించి, "ముందు మీదీ అత్తదీ చూద్దాం" అంది. నంబర్లు కొట్టింది. తెరమీద ఏడు అని పడింది.

అత్త సత్యలక్ష్మి గరిటెతోనే వంటింట్లోంచి వచ్చేసింది. "చూసేవేటే మణీ? ముప్ఫై ఏళ్లుగా నేను మొత్తుకుంటన్నది ఇది నిమిషంలో చెప్పీసింది!"

మామయ్య మొహం మాడిపోయింది. "నా బేసిక్‌లో ఇరవై తొమ్మిది వచ్చేది. నువ్వే ఏదో తేడా చేసీసేవు."

మణిమాలకు రోషం వచ్చింది. రెండు ప్రోగ్రాంల కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని వరసలన్నీ పోల్చింది. తప్పు దొరకలేదు.

ఇంతలో, మేళాదాకా ఆగలేక, పక్క క్వార్టర్ కుముదిని వచ్చింది. "మా పిల్లది రేవతి నక్షత్రం. జర దేఖో మణీ, ఈ సంబంధం కుదురుతాదేటో."

అబ్బాయి నక్షత్రం కూడా అడిగి కొడితే మైనస్ నాలుగువేల చిల్లర వచ్చింది.

"హే భగవాన్! అంత పాపం ఏటి చేసింది మా పిల్ల?"

మణిమాల పకపకా నవ్వింది. రేవతి ఇరవై ఏడోది, ఆఖరి నక్షత్రం. మామయ్య బేసిక్‌లో నక్షత్రాలను ఒకటి నుంచి లెక్కపెట్టాడు. సి భాష సున్నా నుంచి మొదలుపెడుతుంది. దాంతో అందరూ ఒక్కో నక్షత్రం ముందుకు జరిగిపోయారు. అశ్వినివాళ్లు భరణిలో పడ్డారు. రేవతివాళ్లకు ముందు చోటే లేక, పట్టిక అవతలున్న చెత్తంతా ఒళ్లో వేసుకున్నారు.

ఆ ఒక్కటి తగ్గించి మళ్లీ నడిపింది. కుముదిని కూతురికి ఇరవై రెండు వచ్చింది. మామయ్యకూ అత్తకూ ఇరవై తొమ్మిది.

"అదీ!" అన్నాడు మామయ్య మీసం దువ్వుకుంటూ.

అత్త గరిటెతోనే తెర దగ్గరకు జరిగింది. "అయితే జాతకాల్లో ఏ లోపమూ లేదన్నమాట," అంది నెమ్మదిగా. "మరి ఇన్నాళ్ల గొడవలకీ కారణం ఎవరంటారేటి?"

మామయ్య సంచి తీసుకుని, కూరలకని సైకిలెక్కాడు.