తెరిపి

“కొంచెం కరెంటు పెంచుకోవచ్చుగా” అన్నారు అత్తగారు, టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

సింకు నిండా గిన్నెలు. కోడలు ఒక చేత్తో గట్టు పట్టుకుని, రెండో చేత్తో కుక్కరు తోముతోంది. ఎడమ కాలు బరువెక్కితే ఒక్క క్షణం ఆగింది, అంతే. ఈ ఇంట్లో ఆమె పిలిస్తే ఎవరికీ వినబడదు గానీ, ఆమె పని ఆగితే మాత్రం ఆ చప్పుడు లేకపోవడం అందరికీ ఠక్కున వినబడుతుంది.

కరెంటంటే ఇంటికొచ్చే కరెంటు కాదు, ఆమె ఒంట్లోది. తను పనిచేసే కర్టెన్ల షాపులో పై అరలోంచి బరువైన గుడ్డ తానొకటి దించబోయి నిచ్చెన మీంచి జారిపడిన రోజు నుంచి నడుము ఆమె మాట వినడం మానేసింది. రెండు ఆపరేషన్లయ్యాయి. డిస్కు బాగుపడిందన్నారు, నొప్పి మాత్రం పోలేదు. నడుములోంచి పిక్క దాకా ఎవరో కాల్చిన చువ్వ దూర్చి తీరిగ్గా తిప్పుతున్నట్టుండేది. చివరికి పెద్ద డాక్టరు వెన్నెముక లోపల సన్నటి తీగలు అమర్చి, నడుము కింద చర్మం లోపల చిన్న బ్యాటరీ పెట్టి కుట్టేశాడు. ఆ తీగల్లో కరెంటు పారుతున్నంతసేపూ నొప్పి కబురు మెదడుకు సరిగ్గా అందదు. దాని బదులు కాలంతా చీమలు పాకుతున్నట్టు తిమ్మిరి. హెచ్చించుకోడానికీ తగ్గించుకోడానికీ అరచేతిలో పట్టేంత రిమోటు ఇచ్చారు. డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు, ఇది నడుముని బాగుచేసే మెషీను కాదమ్మా, నొప్పిని కప్పేది మాత్రమే అని. బరువులెత్తొద్దు, వంగొద్దు, నడుము మెలితిప్పొద్దు, తీగలు జారిపోతాయి అని. పక్కనే నిలబడ్డ భర్త అన్నిటికీ తలూపాడు. ఇంటికొచ్చి వాళ్ళమ్మతో మాత్రం, మెషీను పెట్టారు ఇక ఫర్వాలేదు అని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

ఆ ‘ఫర్వాలేదు’ ఆమె పీకల మీదికొచ్చింది. ఆపరేషను దాకా గిన్నెలు తోమి వెళ్ళే మనిషిని మర్నాడే మాన్పించేశారు. ఇంట్లో మెషీను పెట్టుకుని బయటి మనిషెందుకు అన్నారు అత్తగారు. వాషింగ్ మెషీను గురించేమో అనుకుంది ఆమె మొదట. తన గురించేనని తెలియడానికి కాసేపు పట్టింది. నొప్పితో మెలికలు తిరిగిన రోజుల్లో కనీసం అయ్యో అనేవాళ్ళు, ఆ అయ్యోలో సగం విసుగే అయినా. ఇప్పుడు అదీ లేదు. కాలు లాగుతోందంటే పెంచుకో. కూర్చుంటానంటే పెంచుకో. నొప్పికి మూత పెట్టించుకున్నాననుకుంది, తీరా చూస్తే ఆ మూత తన నోటికి పడింది. కరెంటు ఎంత పెంచుకుంటే అంత పని ముందుకొచ్చి నిలబడుతోంది. వంటయ్యాక ఇస్త్రీ, ఇస్త్రీ అయ్యాక అత్తగారి స్నానానికి వేణ్ణీళ్ళ బకెట్టు. బకెట్టు ఎత్తకూడదని ఆమె చెప్పింది. సగమే నింపు అన్నాడు భర్త, ఎంతో ఉదారంగా.

షాపులోనూ అదే వరస. సూపర్‌వైజరు పేరు ఎవరూ పలకరు, అమ్మకాల ఆడవాళ్ళందరూ అతన్ని గడియారం అంటారు, ఎవరు టాయిలెట్‌కి వెళ్ళినా చేతికున్న వాచీ చూసుకుంటాడు కాబట్టి. పడిపోయిన కొత్తల్లో యజమాని జాలిపడి ఆమెకొక స్టూలు ఇప్పించాడు. మెషీను సంగతి తెలిశాక గడియారం ఆ స్టూలు తీయించి గోడౌన్లో పడేశాడు. బాగయ్యారు కదమ్మా, మిగతావాళ్ళు ఏమనుకుంటారు అన్నాడు. మిగతావాళ్ళు ఏమీ అనుకోలేదు, వాళ్ళకి కూర్చోవడమన్నదే గుర్తులేదు. గుమ్మంలో, ఎవరైనా సరుకు దొంగతనంగా పట్టుకెళ్తే కూసే గేటొకటుంది. మెషీను ఆపకుండా దాన్ని దాటితే ఒళ్ళు జిల్లుమంటుంది. అందుకని వచ్చినప్పుడూ పోయినప్పుడూ ఆగి, రిమోటుతో ఆపి, గేటు దాటి, మళ్ళీ వేసుకోవాలి. ఆ కాసేపట్లోనే చువ్వ తిరిగొచ్చి పలకరించేది. రోజూ ఏమిటమ్మా ఆ గుమ్మంలో పూజ అని గడియారం అంటే, కొనడానికొచ్చినవాళ్ళు కూడా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వినందుకు ఇంటికెళ్ళేదాకా తనని తాను తిట్టుకుంది.

ఒక ఆదివారం మరిదీ తోడికోడలూ వచ్చారు. ఆమె టీ పెడుతోంది. హాల్లో భర్త బల్ల మీదున్న రిమోటు తీసి తమ్ముడికి చూపించాడు. “పెళ్ళైన ఇన్నాళ్ళకి మా ఆవిడకి రిమోటొచ్చిందిరా. సౌండు తగ్గించే బటనొక్కటే లేదు” అన్నాడు. అందరూ నవ్వారు. తోడికోడలు నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వింది. ట్రే పట్టుకుని గడప దాటుతున్న ఆమెకి ఆ మాట వినబడింది గానీ, అతని బొటనవేలు ఎక్కడుందో కనబడలేదు.

కాలు తనది కానట్టు ఎగిరిపడింది. నడుములోంచి మడమ దాకా ఎవరో తాడు పట్టి లాగినట్టయింది. ట్రే చేజారింది. వేడి టీ పాదాల మీద పడింది, కప్పులు ముక్కలయ్యాయి. గోడ పట్టుకుని నిలబడి, ఆపండి అంది. అతను ఏ బటనుతో తగ్గుతుందో వెతుక్కుంటూ, ఊరికే సరదాకి నొక్కానే, దీనికే ఇంతా అన్నాడు. మంచి కప్పులు, ఇప్పుడు ఆ రకం దొరకవు అన్నారు అత్తగారు. ఎవరి కాళ్ళకైనా గుచ్చుకుంటాయి, ముందు అవి తీయమన్నారు. కాలిన పాదాలతో ఆమే వంగి పెంకులు ఏరింది, ఆమే నేల తుడిచింది. సోఫాలో ఉన్నవాళ్ళు తుడుపు గుడ్డకి అడ్డం రాకుండా కాళ్ళు పైకెత్తి పెట్టుకున్నారు. ఆ ఎత్తిన కాళ్ళ వరస చూస్తూ తుడుస్తుంటే ఆమెకి ఏడుపు రాలేదు. ఇన్నేళ్ళూ వీళ్ళకి తన బాధ అర్థం కావడం లేదనుకుని, రకరకాలుగా చెప్పి చూసింది. అర్థం కాకపోవడం కాదిది. అర్థమయ్యే, కాళ్ళు పైకి పెట్టుకున్నారు.

మర్నాటికి తిమ్మిరి కాల్లో లేదు, ఎక్కడో పక్కటెముకల దగ్గర కొట్టుకుంటోంది. కాల్లో చువ్వ మళ్ళీ మొదటి రోజు లాగే తిరుగుతోంది. ఆసుపత్రికి భర్త కూడా వచ్చాడు. మెషీన్లను సరిచేసే అమ్మాయి ఎక్స్‌రే చూసి, ఒక తీగ జారిందండీ, బరువెత్తారా, వంగారా అని అడిగింది.

“అబ్బే, ఇంట్లో ఆవిడ చేత ఏ పనీ చేయించమండీ” అన్నాడు భర్త.

నొప్పి పదికి ఎంతుందని ఆ అమ్మాయి అడిగింది. దానికీ అతనే జవాబు చెప్పాడు, రెండో మూడో ఉంటుందని.

“తొమ్మిది” అంది ఆమె. గొంతు పెంచలేదు. “వంగాను. ఈయన సరదాకి రిమోటు నొక్కితే చేతిలో కప్పులు పగిలాయి. అవి ఏరి, నేల తుడిచాను. రోజూ బకెట్లు కూడా ఎత్తుతున్నాను. ఈయన్ని బయట కూర్చోమనండి.”

అతను నవ్వబోయాడు. తోడు నవ్వుతుందేమోనని ఆ అమ్మాయి వంక చూశాడు. ఆ అమ్మాయి లేచి వెళ్ళి తలుపు తీసి పట్టుకుంది.

తర్వాత చాలాసేపు ఆ అమ్మాయి తీగలో ఒక్కో చోటికీ కరెంటు మార్చి చూస్తూ, ఎక్కడ తెలుస్తోందని అడుగుతూ పోయింది. పొట్ట, తుంటి, తొడ. ఒకచోట ఉన్నట్టుండి చువ్వ చల్లారిపోయింది. ఆమె కళ్ళు మూసుకుంది. ఇకమీద ఎవరు నొక్కినా ఒక హద్దు దాటి పెరగకుండా మెషీన్ని కట్టడి చేశానని, మళ్ళీ జారితే మాత్రం కోసి సరిచేయాల్సిందేనని చెప్పింది ఆ అమ్మాయి. రిమోటుని బల్ల మీద పెట్టకుండా ఆమె చేతిలోనే పెట్టింది.

బయట వసారాలో భర్త ఇటు వీపు పెట్టి ఫోన్లో ఎవరికో, ఆవిడకి ఈమధ్య కోపం ఎక్కువైందని చెబుతున్నాడు. ఆమె అతన్ని పిలవలేదు. మందుల షాపు పక్కనున్న తలుపులోంచి రోడ్డు మీదికొచ్చింది.

నడిచింది. చేతిలో సంచీ లేదు, బకెట్టు లేదు, వెనక వాచీ చూసుకునే మనిషి లేడు. సైకిళ్ళు బాగుచేసే కొట్టు, కళ్ళజోళ్ళ కొట్టు, రంగులేస్తున్న ఒక మేడ దాటింది. ఎక్కడికీ కాకుండా నడిచి ఎన్నేళ్ళయిందో గుర్తు రాలేదు. కాలు చెప్పిన మాట వింటోంది. ఆ కాలి మీద ప్రేమా, ఇన్నాళ్ళూ దాన్ని ఎవరెవరికో అరువిచ్చినందుకు పట్టరాని కోపమూ ఒకేసారి వచ్చాయి. కోపమే ఎక్కువ. అది తగ్గాలని కూడా ఆమె అనుకోలేదు.

ఫోను మోగింది.

“ఎక్కడ చచ్చావు? ఆసుపత్రంతా వెతుకుతున్నాను.”

“నడుస్తున్నాను.”

“నొప్పి తగ్గిందా?”

“తగ్గింది.”

“తగ్గితే ఇంటికి నడువు మరి. అమ్మ ఒక్కతే ఉంది. వంట కూడా కాలేదు.”

ఆమె ఆగింది. అలసి కాదు, మాట సరిగ్గా చెప్పాలని.

“నొప్పంతా నా ఒక్కదానిదే అయింది కదండీ” అంది. “తెరిపి మాత్రం ఇంటిల్లిపాదిదీ ఎలా అవుతుంది? ఇది నాది. వంట మీరు చేసుకోండి.”

ఫోను పెట్టేసి, అటూ ఇటూ చూసుకుని, రోడ్డు దాటింది.