ఒక్క ముక్కలో రాసెయ్యమ్మా

"నువ్వు టైపు కొట్టేదానివి, తీర్పు చెప్పేదానివి కాదు. అది గుర్తుపెట్టుకో."

ఈరోజు పొద్దున్నే బకెట్లలో నీళ్ళు పట్టుకుంటుంటే మా ఆయన అన్న మాట ఇది. ఆయన చమురు కంపెనీలో వెల్డరు. పైప్‌లైనుకి అనుమతి వస్తే సూపర్‌వైజర్ని చేస్తామన్నారట, అప్పట్నుంచీ కాళ్ళు నేల మీద ఆనడం లేదు. అత్తగారైతే "వాడికి మంచి రోజులొస్తుంటే మొహం అలా పెడతావేమే" అని దెప్పుతూనే ఉన్నారు. కుళాయి దగ్గర వంగీ వంగీ నడుం పట్టేసి నా మొహం అలా ఉంది. చెబితే వినేదెవరు?

నిన్న నేను టైపిస్టుగా చేసే మండలాఫీసులో ఆ పైప్‌లైను మీద బహిరంగ విచారణ జరిగింది. అది మా ఊరి మంచినీళ్ళ రిజర్వాయరు గట్టు పక్కనుంచే వెళ్తుంది. జనం అభ్యంతరాలు విని, రాసి, పైకి పంపాలి. రాసేది నేను. టీలు అందించేదీ నేనే. అటెండరు మగాడు కదా, కుర్చీలు వేసేసరికే అలిసిపోయాడు పాపం! పధ్నాలుగు మంది ఆడవాళ్ళు మాట్లాడారు. బడిలో వంట చేసే ఆవిడ మైకు పక్కకు నెట్టి అడిగింది: "గొట్టం పగిలితే పరిహారం ఇస్తామంటున్నారు, బానే ఉంది. రెండు కిలోమీటర్ల అవతల్నుంచి నీళ్ళు మోసేదెవరయ్యా? మీరు మోస్తారా?" హాల్లో మగాళ్ళంతా నవ్వారు. నాకు మాత్రం నడుం నొప్పి గుర్తొచ్చింది.

సాయంత్రం ఆఫీసరుగారు పిలిచారు. "ఆడవాళ్ళ గోలంతా ఎందుకమ్మా? 'కొందరు మహిళలు కూడా హాజరయ్యారు' అని ఒక్క ముక్కలో రాసెయ్యి." కంపెనీ మేనేజరు ఉపన్యాసం మటుకు ఎనిమిది పేజీలు, పొల్లు పోకుండా. కాగితం మీద లేని అభ్యంతరం పైవాళ్ళకి లేనట్టే, అనుమతి వచ్చేసినట్టే. ఒళ్ళు మండిపోయింది. పదకొండేళ్ళుగా ఇలాంటి ఒక్క ముక్కలు ఎన్ని కొట్టానో, ఛీ! ఇంట్లో నా బతుకూ అంతే. ఎవరైనా అడిగితే "మా ఆవిడా? ఏదో ఉద్యోగం చేస్తోంది" అంటారాయన. ఆ ఏదో ఉద్యోగానికి ముందు వంట, తర్వాత అంట్లు, మధ్యలో అత్తగారి మందులు, నిప్పురవ్వలకు చిల్లులు పడ్డ ఆయన చొక్కాలకు కుట్లు. ఇవన్నీ ఏ కాగితంలో ఉన్నాయి?

మా ఆఫీసులో ఒక పద్ధతుంది. సంతకాలకు ముందు, రాసిందంతా విచారణ కమిటీ ముందు బయటికి చదవాలి. సంతకాలు అయ్యేదాకా విచారణ ముగిసినట్టు కాదు, ఊరివాళ్ళు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. చెప్పేవాళ్ళు తమది తామే రాసుకోకూడదు, ఇంకొకరు రాయాలి. చదివేది ఎప్పుడూ నేనే. వినేవాళ్ళే ఉండరు, ఫోన్లు చూసుకుంటూ సంతకాలు గీకేస్తారు.

ఈరోజు మధ్యాహ్నం బిస్కెట్ల ప్లేటు బల్ల మీద పెట్టి, నిలబడి చదివాను. పధ్నాలుగు మంది మాటలూ, వాళ్ళు అన్నవి అన్నట్టే. మూడో ఆవిడ మాటలకి ఫోన్లు కిందికి దిగాయి. వంటావిడ దగ్గరికొచ్చేసరికి ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఏంటమ్మా ఇది? నేను చెప్పిందేంటి, నువ్వు చదువుతున్నదేంటి?" ఆఫీసరుగారి మొహం కందగడ్డయింది.

"వాళ్ళు చెప్పింది సార్."

"సరే, సరే. అయిపోయిందా?"

సాయంత్రం ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. సూపర్‌వైజరు ఉద్యోగం నా మూలంగా పోయిందని ఏళ్ళ తరబడి దెప్పుతారు. దెప్పనీ. రిజర్వాయరులో చమురు కలిస్తే ఆ ఇంటికి నీళ్ళు మోసేది ఆయనా, నేనా?

"ఇంకొకటుంది సార్. అదింకా రాయలేదు."

"ఎవరిది?"

తెల్లకాగితం ఆయన ముందుకు జరిపి, నా పెన్ను దాని మీద పెట్టాను. పదకొండేళ్ళలో మొదటిసారి, ఎవరూ రమ్మనకుండానే ఆ బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"నాది సార్. నేను చెబుతాను, మీరు రాయండి."